నలభై న్యూ ఫోల్డర్లు

మా మేనకోడలికి రైల్వేలో ఉద్యోగం వచ్చింది, అదీ నేను చేసిన కంప్యూటర్ సెక్షన్ లాంటి దాన్లోనే. కాగితం అందిన రోజు కుదుదండ్‌లో మా ఇంటికి మిఠాయి పట్టుకొచ్చి, "అత్తా, అసల్ మే పని ఏటి ఉంటాది?" అని అడిగింది. నేను చెప్పడం మొదలుపెట్టిన రెండో నిమిషానికి ఫోను చూసుకుంటోంది. అందుకని రాస్తున్నాను. ఈ హిందీ ఊళ్ళో పెరిగింది, దానికి తెలుగు కూడబలుక్కుని చదవడమే వచ్చు. చదవనీ, కాస్త కష్టపడితే మరిచిపోదు.

ప్రమోషన్లు ఎప్పుడెప్పుడు వచ్చాయో, ఏ ఫైలు ఎవరి టేబుల్ మీద ఎన్నాళ్ళు పడుకుందో ఇందులో ఉండదు. అవి ఏ ఉద్యోగంలోనైనా ఒకటే. నా సర్వీసులో నేను చేసిన పెద్ద పని ఒకటుంది, అందులోనే చేసిన పెద్ద తప్పు ఒకటుంది. రెండూ కలిపి చెబితేనే ఈ ఉద్యోగం ఏమిటో తెలుస్తుంది. మంచి పని ఒక్కటే చెప్పుకోవాలని నాకూ ఉంటుంది, కానీ అది నా రిటైర్మెంటు సన్మానసభలో ఆఫీసువాళ్ళు చెప్పేశారు.

డబ్బాలు సర్దిన కథ

నేను చివరి పదేళ్ళూ పనిచేసింది ఒక ఇంజన్ల షెడ్డు ఆఫీసులో. అక్కడ యాభై మూడు కంప్యూటర్లుండేవి. అన్నిటిలోనూ పాత విండోస్. ఆ పాతదానికి ఇక కొత్త రక్షణలేవీ రావని తెలిసింది. దాని తర్వాతది వేద్దామంటే మా ముసలి మెషీన్లు దాన్ని మోయలేవు. కొత్త మెషీన్లు అడిగితే అవి వచ్చేలోపు నేను రిటైరైపోతాను. అప్పుడు నేనే చెప్పాను, విండోస్ తీసేసి దాని బదులు లినక్స్ వేద్దాం, ఈ డబ్బాల మీదే హాయిగా నడుస్తుంది అని.

ఆపరేటింగ్ సిస్టమ్ మార్చడమంటే ఏమిటో మా వాళ్ళకి నేను వంటింటి భాషలో చెప్పేదాన్ని. వంటింట్లో డబ్బాలన్నీ దించి వేరే వరసలో సర్దినట్టు. పప్పు పప్పే, ఉప్పు ఉప్పే, ఏదీ ఎక్కడికీ పోదు. కాకపోతే అలవాటుగా చెయ్యి వెళ్ళిన చోట పప్పు బదులు ఉప్పు ఉంటుంది. నాలుగు రోజులు విసుక్కుంటారు, తర్వాత చెయ్యే నేర్చుకుంటుంది. ఈ ఉపమానం నాకు ఎంత నచ్చిందంటే, సొంత వంటిల్లు ఎవరైనా ఇలా సర్దేస్తే నేను ఊరుకుంటానా అన్న ఆలోచనే రాలేదు.

మా పైఅధికారి చౌబే సాబ్. ఆయన గొంతు పెంచగా ఎవరూ వినలేదు. ఏం చెప్పబోయినా "కాగజ్ పే లాయియే" అనేవారు, అంటే నోటిమాట వద్దు, రాసి పట్టుకు రమ్మని. నా ప్లాను కూడా రాసి పట్టుకెళ్ళాను. ఎన్ని మెషీన్లు, ఎన్ని ప్రింటర్లు, ఆరు వారాలు. ఆయన అంతా చదివి, "మెషీన్ తో గిన్ లియే. లోగ్ గినే?" అన్నారు. మెషీన్లు లెక్కపెట్టారు సరే, మనుషుల్ని లెక్కపెట్టారా అని. మెషీనుకి ఒక మనిషి, యాభై ముగ్గురు అన్నాను. ఆయన ఇంకేమీ అనకుండా సంతకం పెట్టారు. కొందరు పైవాళ్ళు తిట్టి నేర్పుతారు, ఈయన మనల్ని మన దారిన వెళ్ళనిచ్చి నేర్పేవారు. ఖరీదైన పద్ధతి, కానీ నిలుస్తుంది.

లినక్స్ అంటే నాకు ప్రేమ. ఇప్పటికీ ఉంది. చచ్చిపోయిందనుకున్న మెషీను దాంతో లేచి నడుస్తుంటే, జ్వరం తగ్గిన పిల్ల అన్నం అడిగినట్టు సంతోషంగా ఉండేది. ఆ ప్రేమలో ఇంకో నిర్ణయం కూడా తీసుకున్నాను. అందరి తెరా ఒకేలా ఉండాలి. ఒకే నీలం రంగు, ఒకే సైజు అక్షరాలు, బొమ్మలన్నీ పేర్ల వరసలో. ఎవరూ మార్చకుండా తాళం, తాళంచెవి నా దగ్గర. అంతకుముందు ఒక్కొక్కరు మనవల ఫొటోలు పెట్టుకుని, రంగులు మార్చుకుని, ఏ బటన్ ఎక్కడుందో తెలియక నన్నే పిలిచేవారు. అందరిదీ ఒకటే అయితే ఒకసారి నేర్పితే చాలనుకున్నాను.

దీక్షిత్ జీ హిందీ

మొదటి దెబ్బ దీక్షిత్ జీ దగ్గర తగిలింది. ఆయన హిందీ ఉత్తరాలు రాసే సెక్షన్. ఏళ్ళ తరబడి ఒక పాత రకం ఫాంటులో టైపు చేసిన ఉత్తరాలు కొత్త తెర మీద తెరిచేసరికి హిందీ పోయి, ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు చిందరవందరగా కనిపించాయి. ఆయన కుర్చీలోంచి లేచి వచ్చి నా టేబుల్ ముందు నిలబడి, "మేడమ్, ఆప్ నే మేరీ హిందీ మార్ దీ" అన్నారు. మీరు నా హిందీని చంపేశారు అని. కోపం కన్నా దుఃఖం ఎక్కువగా ఉంది ఆ మాటలో.

మూడు రోజులు కూర్చుని ఆ ఉత్తరాలన్నీ కొత్త పద్ధతి హిందీలోకి మార్చే ఏర్పాటు చేశాను. ఆయన ఒక్కో ఉత్తరం తెరిచి, చుక్కలూ ఒత్తులూ చూసుకుని, చివరికి "అచ్ఛా, బతికే ఉంది" అని ఇంటి నుంచి తెచ్చిన ఠేఠ్రీలు, ఇక్కడివాళ్ళు చేసుకునే శనగపిండి జంతికలు, నా ముందు పెట్టారు. ఆ నెలంతా క్యాంటీన్లో నా పేరు చెప్పుకుని తిట్టుకున్నవాళ్ళే ఎక్కువ కాబట్టి, ఆ ఠేఠ్రీలు నాకు బాగా గుర్తున్నాయి.

అక్కడ నేను నేర్చుకున్నది ఇది. ఎవరి మెషీనైనా మార్చే ముందు వాళ్ళ ఫైళ్ళు నాలుగు కొత్తదాన్లో తెరిచి చూడాలి. మంచి పాఠమే, కానీ సగం పాఠం. ఫైళ్ళు చూడడం నేర్చుకున్నాను గానీ, ఆ ఫైళ్ళ ముందు కూర్చునే మనిషిని చూడడం నేర్చుకోలేదు. ఆ సగం నేర్పింది సింహాచలం గారు.

సింహాచలం గారి సీటు

సింహాచలం గారు ఒకప్పుడు గూడ్సు బళ్ళు నడిపిన డ్రైవరు. ఇంజను నడిపేవాళ్ళకి కొన్నేళ్ళకోసారి మెడికల్ పరీక్ష ఉంటుంది, ముఖ్యంగా కళ్ళకి. అందులో ఆయన తప్పారు. అలా తప్పినవాళ్ళని ఇంజను దింపి ఆఫీసులో ఏదో సీటు ఇస్తారు. ఆయనకి ఇచ్చిన సీటు విచిత్రమైంది. షెడ్డులో ఏ డ్రైవరుకి ఏ నెలలో మెడికల్ డ్యూ ఉందో చూసి, నెలనెలా లిస్టు తయారుచేయాలి. డ్యూ దాటిన డ్రైవరుకి బండి ఇవ్వరు. కళ్ళ పరీక్షలో తప్పిన మనిషి తొమ్మిదేళ్ళుగా మిగతా అందరి కళ్ళ పరీక్షల లిస్టు రాస్తున్నారు. ఆ తొమ్మిదేళ్ళలో ఒక్క పేరు తప్పలేదు.

ఆయన తండ్రీ మా నాన్నా బొబ్బిలి వైపు నుంచి వచ్చి ఇక్కడ బొగ్గు ఇంజన్ల మీద పనిచేసినవాళ్ళే. కాలనీలో మా క్వార్టరుకి రెండు క్వార్టర్ల అవతల వాళ్ళది. నాకు ఆయన అన్నయ్య, ఆయనకి నేను సత్తెమ్మని. నా పేరు సత్యవతి, ఆ పేరు పూర్తిగా పలికే ఓపిక మా వాళ్ళలో ఎవరికీ లేదు.

ఆయన మెషీను మరీ పాతది. దాన్ని తీసేసి, లినక్స్ వేసిన ఇంకోటి ఇద్దామని వెళ్ళాను. ఫైళ్ళు తీసుకుందామని పాతది తెరిస్తే నాకు నవ్వొచ్చింది. తెర మీద నలభై ఫోల్డర్లు. ఒక్కదానికీ పేరు లేదు. న్యూ ఫోల్డర్, న్యూ ఫోల్డర్ రెండు, మూడు, అలా నలభై వరకు. అవి కూడా వరసగా లేవు, మధ్యమధ్యలో పళ్ళూడిన నోరులా ఖాళీలు.

"ఏటన్నయ్యా, నలభైమంది పిల్లల్ని కని ఒక్కడికీ పేరెట్టలేదు?" అన్నాను, పక్క టేబుళ్ళ వాళ్ళకి వినపడేలా. అందరూ నవ్వారు.

"నాకు తెలుసులే అమ్మా," అన్నారాయన. "ఆటిని ముట్టుకోకు."

ముట్టుకున్నాను. పావుగంటలో నలభై ఫోల్డర్లూ కొత్త మెషీనులోకి వచ్చేశాయి. పాత డబ్బాని సిర్గిట్టిలో మా స్టోరు గదికి పంపించేశాను. కొత్త తెర మీద ఫోల్డర్లు ఖాళీలు లేకుండా పేర్ల వరసలో బుద్ధిగా నిలబడ్డాయి. ఇదీ శుభ్రం అనుకున్నాను.

ఆయన కూర్చున్నారు. మౌసుతో ఒకచోట నొక్కి, ఇంకోచోట నొక్కి చూశారు. "నా ఫైళ్ళు పోనాయి," అన్నారు.

"పోలేదన్నయ్యా. లెక్కెట్టుకో, నలభై ఉన్నాయి."

"లెక్కకి ఉన్నాయి. దొరకట్లేదు."

"ఒక్కోటీ తెరిచి పేరు పెట్టుకో. ఒక్కరోజు పని."

ఆయన పేర్లేమీ పెట్టుకోలేదు. ఆ వారమంతా రోజుకి రెండు మూడుసార్లు పిలిచేవారు. మౌసు బాణం చిన్నదైపోయింది, అక్షరాలు సన్నగా ఉన్నాయి, తెల్లటి వెలుగు కళ్ళలో కొడుతోంది. నేను ప్రతిసారీ ఒకటే చెప్పాను. అందరికీ ఒకటే అన్నయ్యా, నీ ఒక్కడికి మారిస్తే రేపు యాభైమంది నా టేబుల్ చుట్టూ చేరతారు. నా సర్వీసులో నేనన్న మాటల్లో ఒకటి వెనక్కి తీసుకోనిస్తామంటే ఇదే తీసుకుంటాను. నాలుగోరోజు నుంచి ఆయన నన్ను మేడమ్ అనడం మొదలుపెట్టారు.

సాహు టర్ను

ఆ నెల లిస్టు ఆలస్యమైంది. బిల్హా నుంచి వచ్చే సాహు అనే డ్రైవరు టిఫిను డబ్బాతో, యూనిఫారంతో డ్యూటీకి వచ్చాడు. డ్యూటీలు వేసేవాళ్ళు తమ రిజిస్టరు చూసి, నీ మెడికల్ డ్యూ దాటిపోయింది, బండి ఇవ్వడం కుదరదన్నారు. అతనికి ముందుగా కబురే లేదు. కబురు పంపాల్సిన లిస్టు సింహాచలం గారి మెషీనులో, ఏదో ఒక న్యూ ఫోల్డర్లో ఉంది. సాహు నేరుగా మా ఆఫీసుకొచ్చి ఆ రోజు తను నడపాల్సిన బండి టర్ను పోయిందని గట్టిగా అడిగాడు. సింహాచలం గారు తలెత్తకుండా, "గల్తీ మేరీ హై భాయ్" అన్నారు, తప్పు నాదేనని. తొమ్మిదేళ్ళలో మొదటిసారి.

చౌబే సాబ్ నన్ను పిలిచి ఏం జరిగిందో రాసివ్వమన్నారు. అప్పటికి యాభై రెండు మెషీన్లు కుదురుకున్నాయి. ఈ ఒక్కటీ పంటికింద రాయిలా మిగిలింది. నాకు విసుగు, గర్వం రెండూ ఉన్నాయి. ఇలా రాశాను: "సంబంధిత ఉద్యోగి కొత్త పద్ధతి నేర్చుకోవడానికి సుముఖంగా లేరు. ఈ సీటుకి వేరొకరిని నియమించి, వీరిని మరో సీటుకి మార్చడం మంచిది." రెండు వాక్యాలు. రాయడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

మర్నాడు భోజనాల వేళ సింహాచలం గారు నా దగ్గరికొచ్చి ఎదురుగా కూర్చున్నారు.

"మేడమ్, ఆ కాయితం ఎనక్కి తీసుకోండి."

"ఎందుకన్నయ్యా? సీటు మారితే నీకే సుఖం కదా. ఏ డిస్పాచిలోనో వేస్తారు, ఉత్తరాలు పంచుకుంటావు. ఏడాదిన్నరలో రిటైరే."

"సీటు మారిస్తే కొత్తగా మెడికల్‌కి పంపుతారు."

"పంపితే ఏటి?"

ఆయన "ఒకసారి ఇంజను దింపీసారు. మళ్ళీ దింపించొద్దు," అని లేచి వెళ్ళిపోయారు.

డ్రైవర్లందరికీ మెడికల్ అంటే భయమే, ఈయనకి ఆ భయం ఇంకా పోలేదు కాబోలు అనుకున్నాను. అయినా ఆ మాట నాకు సహించలేదు. పాతదీ కొత్తదీ ఒకటేనని కళ్ళముందు చూపించి ఒప్పించాలనిపించింది. మర్నాడు ఆటోలో సిర్గిట్టి వెళ్ళి ఆ పాత డబ్బాని నా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. చూడండి, అప్పటికీ నేను గెలవాలనే తెచ్చాను.

రెండు తెరలు

అందరూ క్యాంటీనుకి వెళ్ళాక రెండు మెషీన్లూ ఆయన టేబుల్ మీద పక్కపక్కన పెట్టాను. "అన్నయ్యా, మార్చిలో డ్యూ ఉన్న గూడ్సు డ్రైవర్లు. ముందు పాతదాన్లో తియ్యి," అన్నాను.

ఆయన తెర వైపు చూడలేదు. తెరకి కాస్త పక్కన, గోడ మీద క్యాలెండరు ఉన్న వైపు చూశారు. చెయ్యి మాత్రం మౌసుని నడిపించింది. పాతదాన్లో బాణం బొటనవేలంత పెద్దది, నల్లటిది. పైనుంచి మూడో వరస, ఎడమనుంచి మూడోది. నొక్కారు. మార్చి, గూడ్సు. లోపల అక్షరాలు ఎంత పెద్దవంటే తెరంతా కలిపి ఏడెనిమిది పేర్లే పట్టాయి. అక్టోబరు పాసింజరు అన్నాను. తీశారు. జూన్ షంటింగ్ అన్నాను, అంటే యార్డులో పెట్టెలు కలిపి విడదీసే డ్రైవర్లు. "జూన్లో షంటింగోళ్ళకి డ్యూ లేదు, అక్కడ కాళీ," అన్నారు. అది నిజంగానే ఖాళీ.

నాలుగు వరసలు, పన్నెండు నిలువులు. మెయిలు, పాసింజరు, గూడ్సు, షంటింగు డ్రైవర్లు నాలుగు వరసలు, పన్నెండు నెలలు పన్నెండు నిలువులు. ఎవరికీ డ్యూ లేని చోట ఖాళీ. ఆఫీసులో కంప్యూటర్లు రాకముందు ఉండిన చెక్క గూళ్ళ బీరువాలో కాగితాలు అలాగే ఉండేవట. ఆయన దాన్నే తెర మీద కట్టుకున్నారు. నేను పళ్ళూడిన నోరనుకున్న ఖాళీల్లో కూడా సమాచారం ఉంది.

"ఇప్పుడు కొత్తదాన్లో," అన్నాను. ఆయన చెయ్యి ఆగిపోయింది.

"బాణం ఉన్న దగ్గర పేరు చదువన్నయ్యా."

ఆయన తల అటు తిప్పారు, ఇటు తిప్పారు. మౌసు వదిలేశారు.

"సత్తెమ్మా, నీ మొహమే నాకు కనబడదు," అన్నారు. "గొంతుని బట్టి నువ్వని తెలుస్తాది. పక్కకి సూత్తే సీర రంగు తెలుస్తాది. ఎదరగా సూసింది మసక."

కంటి మధ్యలో మచ్చ. ఇంజను దింపినప్పుడు చిన్నదట, ఏటేటా పెరిగింది. చుట్టుపక్కల అంతా కనిపిస్తుంది, సూటిగా చూసిందే కనిపించదు. ఏది ఎక్కడుందో తెలుస్తుంది, దాని మీద ఏం రాసుందో తెలియదు. పేర్లు చదవలేని మనిషి ఫోల్డర్లకి పేర్లు పెట్టుకుని ఏం చేస్తారు? ఉన్న చోటే వాటి పేరు. నేను ఆ చోటు చెరిపేసి, అక్షరాలు చిన్నవి చేసి, పైన తాళం వేశాను.

"ఎందుకు చెప్పలేదన్నయ్యా?"

"సెప్తే ఏటౌతాది? ఉద్యోగం తియ్యరు. జీతం ఇస్తారు, కుర్చీ ఇస్తారు. పని ఇవ్వరు. మాతో ఇంజనెక్కినాయన ఒకడు అలగే రెండేళ్ళు కూకున్నాడు. టీ ఇచ్చీవోడు కూడా ఆయన్ని ఒగ్గీసి పక్క టేబులుకి ఎల్లిపోయీవాడు. నేను సూసేను. నాకు ఆ కుర్చీ వొద్దమ్మా."

నాకు ఏడుపొచ్చింది. జాలితో కాదు, సిగ్గుతో. క్యాంటీను నుంచి మనుషులు తిరిగొస్తున్న చప్పుడైతే, ఆయనే "సాల్లే, మొహం తుడుసుకో," అన్నారు. మొహం కనబడని మనిషికి అది ఎలా తెలిసిందో నేను అడగలేదు.

కాగితం మీద వచ్చింది కాగితం మీదే

ఆ మధ్యాహ్నమే తాళం తీశాను. బాణం పెద్దది చేశాను. నల్లటి తెర మీద పసుపు అక్షరాలు పెట్టాను. మౌసు వెళ్ళిన చోటు పెద్దదిగా చూపించే భూతద్దం, పేరు పైకి చదివే గొంతు, ఇవన్నీ లినక్స్‌లో మొదటినుంచీ ఉన్నాయి. నేను ప్రేమించానని చెప్పుకునే సిస్టమ్‌లో ఉన్న మంచినంతా నేనే కట్టిపెట్టి, తాళం వేశాను. ఫోల్డర్లు ఒక్కోటీ తెరిచి లోపలేముందో నేను చదివితే, ఏది ఏ గడిలో ఉండాలో ఆయన చెప్పారు. గంట పట్టింది. మొదటిరోజే ఈ గంట ఇచ్చి ఉంటే సాహు టర్ను పోయేది కాదు.

తర్వాత చౌబే సాబ్ దగ్గరికెళ్ళి నా కాగితం వెనక్కి ఇవ్వమన్నాను. "కాగజ్ పే ఆయా హై, కాగజ్ పే హీ జాయేగా," అన్నారు. అంటే నా తప్పని నా చేత్తో రాయాలి, అది నా ఫైల్లో ఉంటుంది.

ఇక్కడ కొత్తవాళ్ళకి ఒక మాట దాపరికం లేకుండా చెప్పాలి. ఆయన కళ్ళ సంగతి రాయాలా వద్దా అని నేను చాలా కొట్టుమిట్టాడాను. అది మామూలు లిస్టు కాదు, రైళ్ళు నడిపేవాళ్ళ మెడికల్ లిస్టు. అందులో తప్పు జరిగితే ఎవరి ప్రాణం మీదికో వస్తుంది. అన్నయ్య కదా అని కప్పిపెట్టడం ప్రేమే, కానీ పని కాదు. అలాగని ఆయన చెప్పుకోని మాట నేను కాగితం మీద పెట్టడానికీ చెయ్యి రాలేదు. చివరికి ఇలా రాశాను: లిస్టు ఆలస్యానికి కారణం నేను పెట్టిన సెట్టింగులు, ఉద్యోగి తప్పు లేదు, ఇకమీదట ఈ లిస్టుని సంతకానికి ముందు రెండో మనిషి కూడా సరిచూడాలి.

చౌబే సాబ్ చదివి, "బాత్ పూరీ హై?" అన్నారు. మాట పూర్తిగా చెప్పారా అని.

"నా వంతు పూర్తిగా చెప్పాను సర్," అన్నాను.

ఆయన నా మొదటి కాగితం తిరిగిచ్చేశారు. రెండో మనిషి ఏర్పాటు ఆ రోజే చేశారు. ఆయనకి ఎంత తెలుసో నాకు ఇప్పటికీ తెలియదు.

సింహాచలం గారికి అదే చెప్పాను. "నీ కళ్ళ మాట నేనెక్కడా అనలేదు. కానీ అన్నయ్యా, అది బండి నడిపేవాళ్ళ లిస్టు. ఆలోచించుకో."

"బండి నడిపినోణ్ణే కదమ్మా. నాకు సెప్పాలేటి?" అన్నారు కాస్త కోపంగానే.

ఐదో వరస

తర్వాతి నెల లిస్టు రెండు రోజులు ముందే తయారైంది. మా సెక్షను ప్రింటరు మీదే వచ్చేది కాబట్టి నేనే తీసి చూశాను. మెయిలు, పాసింజరు, గూడ్సు, షంటింగు. దాని కింద ఎప్పుడూ లేని ఐదో శీర్షిక, ఆఫీసు. దాని కింద ఒక్కటే పేరు, సింహాచలం గారిది. డ్యూ తేదీ రాయాల్సిన గడిలో "దాటిపోయింది" అని ఉంది.

కాగితం పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను. "ఇదేటన్నయ్యా? ఆఫీసువాళ్ళు ఈ లిస్టులో ఉండరు కదా."

"ఉండరు. కానీ తెలిసి ఒగ్గీసిన పేరు ఉంటే అది తప్పు లిస్టే," అన్నారు. "పంపించీ. నాకు తోడు రా. అక్కడ ఫారాలు సదవాలి."

రైల్వే ఆసుపత్రిలో డాక్టరు చిన్నావిడ. గోడ మీద అక్షరాల చార్టు చదవమంది. ఆయన దాచలేదు. "అక్షరం ఉందని తెలుస్తోంది, ఏ అక్షరమో తెలీదు," అని హిందీలో చెప్పారు. మరి పనెలా చేస్తున్నారంది. ఆయన నా వైపు చెయ్యి చూపించారు. ఆయన పనేమిటో, ఎలా చేస్తారో రాసివ్వమని ఆవిడ నన్ను అడిగింది.

వరండాలో బెంచీ మీద కూర్చుని రెండు పేజీలు రాశాను. ఆయన ఎటు చూస్తారు, చెయ్యి ఎలా వెళ్తుంది, అక్షరాలు ఎంత ఉండాలి, ఏ రంగులో ఉండాలి, గొంతు ఏం చదువుతుంది, ఎవరు సరిచూస్తారు, తొమ్మిదేళ్ళలో ఎన్నిసార్లు తప్పింది, ఆ ఒక్కసారీ ఎవరి వల్ల. సర్వీసంతా రిపోర్టులు రాస్తూనే ఉన్నాను. పక్కన కూర్చుని ఒక మనిషిని చూసి రాసిన రిపోర్టు అదొక్కటే. మేనకోడలా, పనేమిటని అడిగావు కదా, ఆ బెంచీ మీద నేను చేసింది పని. దానికి ముందు ఆరు వారాలు చేసింది డబ్బాలు సర్దడం.

ఆయన్ని మళ్ళీ లోపలికి పిలిచారు. నేను బయటే ఉన్నాను. ఇంజను దింపిన రోజు కూడా ఆయన ఇదే తలుపులోంచి బయటికి వచ్చి ఉంటారు. ఆ రోజు ఎవరు తోడున్నారో, ఎవరూ లేరో, అంతకుముందెప్పుడూ నేను అడగలేదు. చాలాసేపటికి వచ్చారు, చేతిలో మడిచిన కాగితం. నా పక్కన కూర్చుని, అది నా చేతికిచ్చారు.

"సదువు."

విప్పాను. చూపు లోపం ఉన్నది, పెద్ద అక్షరాల తెర, చదివే గొంతు ఉన్న కంప్యూటరు మీద, రెండో వ్యక్తి సరిచూసే ఏర్పాటుతో, ప్రస్తుత సీటులోనే పనిచేయడానికి తగినవారు అని రాసి ఉంది. చదివాను.

"ఇంకోసారి."

మళ్ళీ చదివాను. "ప్రస్తుత సీటులోనే" అన్న దగ్గర ఆయన చెయ్యి ఎత్తారు, ఆగమన్నట్టు. తర్వాత కాగితం నా చేతిలోంచి తీసుకుని, మడతల మీదే మడిచి, జేబులో పెట్టుకుని లేచారు.

"పదమ్మా," అన్నారు. "పొద్దుట్నించీ సీటు కాళీగా ఉంది."